పదిహేడు మంచి సీసాలు

మా వదిన టీ కూడా నిలబడే తాగుతుంది. వదినంటే మా ఆయన అక్క. కుర్చీ వేస్తే దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడుతుంది, ఒక కాలు ఎప్పుడూ గుమ్మం వైపే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని గర్వం అనుకున్నాను. మా ఇంట్లో కూర్చోవడం నామోషీ కాబోలు అనుకుని వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. ఆవిడ తన ఇంట్లోనూ కూర్చోదని తర్వాత తెలిసింది. వాళ్ళాయన బస్సు డ్రైవరు. ఆయన రోజంతా కూర్చుంటాడు, ఈవిడ రోజంతా నడుస్తుంది, సంసారం సరిపోయిందని మా ఆయన వేళాకోళమాడతాడు.

వదినది నీటి పరీక్షల ఆఫీసులో ఉద్యోగం. పందొమ్మిదో ఏట సీసాలు కడిగే పనిలో చేరింది. పదకొండేళ్ళు కడిగింది. "ఈ సీసాలు ఎక్కడికి పోయి వస్తున్నాయో నేనూ చూస్తాను సార్" అని అప్పటి అధికారి ప్రాణం తోడేసి, నది మీదికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చి పరీక్షించే పని సంపాదించుకుంది. ఇప్పుడు ఆవిడకు యాభై ఒకటి. భుజానికి ఐసు పెట్టె తగిలించుకుని ఒడ్డు వెంట వెళ్తుంటే పాతికేళ్ళ వాళ్ళు కూడా వెనకబడతారు. మా చుట్టుపక్కల అందరూ ఆవిడను సీసాలమ్మ అంటారు. ఆ పేరంటే ఆవిడకు ఇష్టమేనని నాకు తెలుసు, కానీ పైకి ఒప్పుకోదు.

మా పొలం నది ఒడ్డునే. మాతో కలిపి అక్కడ పద్దెనిమిది కుటుంబాల పొలాలున్నాయి. ఒక్కో పొలం నుంచి ఒక్కో మురుగు కాలువ నదిలోకి దిగుతుంది. ఎరువు, పేడ, మందు కొట్టి కడిగిన డబ్బాల నీళ్ళు అన్నీ ఆ కాలువల్లోంచే పోతాయి. ఎండలు ముదిరేసరికి నది మీద పచ్చగా నాచు కడుతుంది. రెండేళ్ళ క్రితం ఒక పొద్దున చేపలు వందలకొద్దీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. నాలుగు రోజులు కిటికీలు తెరవలేకపోయాం.

వదిన పని నీళ్ళు పట్టడంతో అయిపోయేది కాదు. రైతుల దగ్గరికి వెళ్ళి కాలువల్లో మురికి తగ్గించే ఉపాయాలు చెప్పడం కూడా ఆవిడ పనే. వాన వచ్చేట్టుంటే పరుగెత్తి ఎరువు చల్లడం మా వాళ్ళ అలవాటు, వాన దాన్ని కరిగించి వేళ్ళకు అందిస్తుందని నమ్మకం. వదిన ఉపన్యాసాలు ఇవ్వదు. గ్లాసుడు నీళ్ళు అడుగుతుంది. తాగడానికేమో అని తెచ్చిస్తే అందులో గుప్పెడు ఎరువు వేసి కలిపేస్తుంది.

"ఏదీ, ఇప్పుడు ఏరి చూపించు" అంటుంది.

"కరిగిపోయింది కదమ్మా!"

"వాన ముందు చల్లితే ఇంతే మరి. మొక్క నోరు తెరిచేలోపు నది తాగేస్తుంది."

ఆవిడ అడిగేవి మూడే. వాన వెలిశాక ఎరువు వెయ్యండి, ఒడ్డున నాలుగు బారల మేర దున్నకుండా గడ్డి పెరగనివ్వండి, పేడ కుప్పను ఒడ్డు మీంచి పొలం ఎగువకు జరపండి. అందరూ తలలూపారు. మూడేళ్ళు ఊపుతూనే ఉన్నారు. మా ఆయన సొంత తమ్ముడై ఉండి, "చేద్దాంలే అక్కా, ఈ పంట గట్టెక్కనీ" అనేవాడు. పంట తర్వాత పంట గట్టెక్కేది గాని మా పేడ కుప్ప మాత్రం ఉన్నచోటు నుంచి కదిలేది కాదు. నేనూ కదపమని అనలేదు. గొడ్ల చావడికి దగ్గరగా ఉంటే ఎత్తిపోయడం నాకు సులువు.

ఈ ఏడు ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. వచ్చిన వారానికే వదినను పిలిచి, "మూడేళ్ళుగా తిరుగుతున్నారు. ఆ పొలాల దిగువన వంతెన దగ్గర నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఈసారి పొలం పొలం విడిగా లెక్క తెండి. మార్పు కనపడకపోతే ఈ పథకం మూసేద్దాం" అన్నాడట. ఆ సాయంత్రం వదిన మా వంటింటికీ వాకిలికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. తిరుగుతూనే అంది, "నేను పట్టుకెళ్ళి నీ కాలువ ఇలా ఉంది అంటే వీళ్ళు నమ్మరు మరదలా. ఎవరి కాలువలో వాళ్ళు దిగి, ఎవరి నీళ్ళు వాళ్ళు పట్టుకోవాలి. అప్పుడు కళ్ళు తెరుచుకుంటాయి."

నియమం అది కాదు. ప్రతి సీసా వదినే తన చేత్తో పట్టాలి. ఆ సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. అయినా పద్దెనిమిది సీసాల మీద పద్దెనిమిది పేర్లు పెద్ద అక్షరాలతో రాసి ఆదివారం ఇంటింటికీ పంచింది. "కాలువ నోటి దగ్గర దిగండి. ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపండి. పొద్దున్నే వచ్చి తీసుకుంటా" అని చెప్పి, ఎగువ నీళ్ళు పట్టడానికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే పక్క పొలాల ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. నేను సీసాలమ్మ మరదల్ని కదా, నాకన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చెయ్యడం నాకూ ఇష్టం లేదు.

"పేరు రాసి పెట్టారే. నా పేరు పెట్టుకుని మురికి నీళ్ళు ఎలా ఇస్తాను?" అంది ఒకావిడ.

"ఇవి బాగా లేకపోతే సీసాలమ్మ ఉద్యోగానికేమన్నా వస్తుందా?" అంది ఇంకొకావిడ.

ఆ రెండో మాట నా గుండెల్లో గుచ్చుకుంది. మూసేద్దాం అన్న అధికారి మాట చెవుల్లో మోగుతూనే ఉంది. అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. "కుళాయి నీళ్ళు పట్టండి. ఇన్నాళ్ళూ మనకోసం తిరిగింది, ఒక్కసారి ఆవిడ పరువు నిలబెడదాం." అలా అని మా సీసా వంటింటి కుళాయి కింద పెట్టి నింపాను. ముందు మూడుసార్లు తొలిచాను కూడా, చెప్పింది చెప్పినట్టు. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి.

ఫలితాలు గురువారం వచ్చాయి. పొలంలో వేసిన ఎరువు, పేడ నీళ్ళలో కరిగి మిగిల్చేదాన్ని నైట్రేటు అంటారు. లీటరులో అది నలభై ఐదు మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదట. మా సీసాలో రెండు. పక్కవాళ్ళ సీసాలో రెండు. ఆ పక్కన మూడు. వరసగా పదిహేడు సీసాలు రెండూ మూడూనే. పద్దెనిమిదో సీసాలో మాత్రం నలభై ఎనిమిది. అది కాబేజీ బాబాయిది.

కాబేజీ బాబాయి మా చుట్టమేం కాదు, అందరికీ బాబాయే. ఒంటరి మనిషి, అరెకరంలో కాబేజీ తప్ప ఇంకేదీ వెయ్యడు. ఆ ఆదివారం ఆయన ఊళ్ళో లేడు. సాయంత్రం బస్సు దిగి వచ్చి గుమ్మంలో సీసా చూసుకుని, దానికి కట్టిన చీటీ చదువుకుని, నేరుగా వెళ్ళి కాలువలో దిగాడు. నా సలహా ఆయనకు చేరలేదు.

అధికారి సంబరపడిపోయాడు. దోషి దొరికాడు, మిగతా పదిహేడు పొలాలూ బాగుపడ్డాయి, ఇదంతా మీ కృషే అని వదిన చెయ్యి పట్టి ఊపాడట. బాబాయి నదిలో వేసుకున్న మోటారుకు వచ్చే శుక్రవారం సీలు వేస్తామని నోటీసు పంపాడు. అసలే కాబేజీ గడ్డ కట్టే సమయం. నీళ్ళు ఆగితే పంట మొత్తం పోతుంది. నోటీసు వచ్చిన మర్నాటి నుంచే మా వాళ్ళు ఆయన గురించి మాట్లాడే తీరు మారిపోయింది. "చూడ్డానికి అమాయకుడే, నదిని నాశనం చేసింది ఈయనా!" అని కుళాయి నీళ్ళు పట్టిచ్చినవాళ్ళే అన్నారు. నేను అనలేదు. అనకపోవడమే గొప్ప అనుకుని నోరు మూసుకున్నాను.

ఎందుకు చెప్పలేదని మీరడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. చెబితే వదినకు దొరికిన మెప్పు పోతుంది, పథకం పోతుంది, నా పరువూ పోతుంది. బాబాయి సంగతి నాలుగు రోజులు పోతే వాళ్ళే మరిచిపోతారులే అనుకున్నాను. ఆఫీసుల వాళ్ళు ఇంకెన్ని మరిచిపోలేదు!

వదిన మాత్రం స్థిమితంగా లేదు. అధికారి మెచ్చుకున్న రోజు నుంచే కాలు కాలిన పిల్లి అయిపోయింది. "అరెకరం కాబేజీ నది మొత్తాన్ని పాడుచేస్తుందా? వంతెన దగ్గర ముప్పై ఉంది. బాబాయి కాలువ నా మణికట్టంత లేదు. ఎక్కడిదా మురికి?" అని వచ్చిన ప్రతిసారీ అడిగేది. నన్నే అడుగుతున్నట్టుండేది. నేను గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేసేదాన్ని.

శనివారం ఎగువకు నడిచి వెళ్ళి అక్కడ లాండ్రీ నడిపే ఆయనతో పోట్లాడి వచ్చింది, సబ్బు నీళ్ళు వదులుతున్నావా అని. ఆయన తన తొట్లు చూపించి, "ఎప్పుడన్నా ఒక చుక్క వదిలానా తల్లీ?" అని ఎదురు తిట్టాడు. ఆదివారం దిగువకు పోయింది. సోమవారం మళ్ళీ ఎగువకు. మంగళవారం మా ఇంటికొచ్చి, పొద్దున పెట్టిన టీ చల్లారిపోయినా తాగకుండా వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. చెప్పుల అడుగులు అరిగి రాళ్ళు గుచ్చుకుంటున్నాయని తెలుస్తూనే ఉంది, కుంటుతోంది. చూడలేక నేను లోపలికి పోయి పక్కబట్టలు దులిపాను. మడత పెట్టినవే మళ్ళీ దులిపి మళ్ళీ మడత పెట్టాను.

బుధవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ఆ రోజు తిరగలేదు. తలుపు పట్టుకుని నిలబడి తన చేతుల వంక చూసుకుంది.

"పదిహేడు సీసాలూ మళ్ళీ పరీక్ష చేశాను మరదలా, మూడోసారి. అదే రెండు, అదే మూడు. పదిహేడు పొలాల్లోంచి ఒకే నీళ్ళు వస్తాయా? నా చెయ్యే సరిగా పనిచేయడం లేదేమో. వయసొచ్చింది. రేపు చెప్పేస్తాను సార్‌తో, ఈ పని ఇక నావల్ల కాదని."

ముప్పై రెండేళ్ళు పని చేసిన చేతులు. వాటి మీద నేను తెచ్చిన అనుమానం. ఇక ఆగలేకపోయాను.

"మీ చెయ్యి బాగానే ఉంది వదినా. మా సీసాలోవి కాలువ నీళ్ళు కావు."

"మరి?"

"వంటింటి కుళాయి."

ఆవిడ సింకు వైపు చూసింది. కుళాయిని అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"మిగతా పదహారూ?"

"నేనే చెప్పాను అందరికీ. మీ ఉద్యోగం పోతుందేమోనని..."

మా వదిన కూర్చుంది. కుర్చీలో కాదు, గడప మీద. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందేమో, తిడితే బాగుండును అని ఎదురుచూశాను. ఆవిడ ఒక్క మాటే అంది: "పాపం బాబాయి ఒక్కడే దిగాడన్నమాట." నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

గురువారం పొద్దున్నే అధికారి గదికి ఇద్దరం వెళ్ళాం. రమ్మని ఆవిడ పిలవలేదు, నేనే వెంటపడి వెళ్ళాను. నిజం నా నోటితో చెప్పాలని దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. అధికారి అంతా విని, అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సీసాలు పంచమని మీకెవరు చెప్పారు?"

"అది కాదు సార్, నేను..." అని నేను మొదలుపెట్టగానే వదిన నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

"ఎవరూ చెప్పలేదు సార్. నియమం తెలిసే పంచాను. నేను పట్టాల్సింది. తప్పు నాది, కాగితం మీద రాసి తెచ్చాను. బాబాయి నోటీసు వెనక్కి తీసుకోండి. నిజం నీళ్ళు ఇచ్చింది ఆయనొక్కడే."

నోటీసు వెనక్కి తీసుకున్నాడు. పొలాలన్నిటికీ మళ్ళీ పరీక్షలు జరగాలి కాబట్టి పథకమూ ఇంకో ఏడాది బతికింది. వదినను మాత్రం నది పని నుంచి తప్పించాడు. ఇకమీదట లోపలి గదిలో రికార్డులు చూసుకోవాలట. తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా, కుర్చీలో. ఆ మనిషికి ఆ కుర్చీ ఏమిటో ఆయనకు తెలిసి వేశాడో తెలియక వేశాడో గాని, నాకు ఆయన అద్దాలు తీసి నేలకు కొట్టాలనిపించింది. తర్వాత బుద్ధి వచ్చింది. ఆయన్నెందుకు అనాలి? ఆ కుర్చీ వేసింది నేను.

నది పనికి మనిషి కావాలంటే, "మా మరదలికి నేర్పిస్తాను సార్" అంది వదిన అక్కడే. ఆయన సరేనన్నాడు. బయటికొచ్చాక, "నన్నెందుకు వదినా?" అంటే, "నువ్వు ఇంకోసారి కుళాయి దగ్గరికి పోవుగా" అంది.

అక్కణ్ణుంచి కాబేజీ బాబాయి ఇంటికి వెళ్ళాం. ఆయన నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. జరిగిందంతా నేనే చెప్పాను, ఈసారి వదిన ఆపలేదు. విని ఆయన చాలా నొచ్చుకున్నాడు, అయితే నేననుకున్నందుకు కాదు.

"నాకు మాత్రం ఎందుకు చెప్పలేదమ్మా? చెబితే నేనూ మంచి నీళ్ళే ఇచ్చేవాణ్ణి కదా!"

నవ్వకూడని చోట నవ్వొచ్చింది నాకు. వదిన వంక చూస్తే ఆవిడ ముఖం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో మరేమిటో నేను అడగలేదు.

తర్వాతి వారం పద్దెనిమిది కాలువల్లోనూ నేను దిగాను. ఒడ్డు మీద వదిన నిలబడి, ప్రవాహానికి ఎదురుగా సీసా పట్టు, అడుగు బురద రేపకు అని కేకలు వేసి నేర్పించింది. అది ఆవిడకు నది మీద చివరి రోజు, సోమవారం నుంచి లోపలి గది. మా ఇంటి ముందే రోజూ నేను దాటే మా కాలువలో అంతకు ముందు నేనెప్పుడూ కాలు పెట్టలేదు. కాలు పెట్టగానే మోకాలి కింద ఏదో జిగురుగా తగిలింది. కంపు చెప్పనలవి కాదు. ఇది మా ఇంటిది అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

మా సీసాలో అరవై రెండు వచ్చింది. పద్దెనిమిదిలోకెల్లా ఎక్కువ మాదే. ఆ అంకె విన్న నాలుగో రోజు పొద్దున మా ఆయన పార తీసుకుని పేడ కుప్ప దగ్గరికి వెళ్ళాడు. దాన్ని ఎగువకు మోయడానికి ఇద్దరికీ ఆరు రోజులు పట్టింది, నడుములు విరిగాయి. ఒడ్డున నాలుగు బారలు దున్నకుండా వదిలేశాడు. మబ్బు పట్టినప్పుడల్లా ఎరువు బస్తా వైపు చూసి, చేతులు కట్టుకుని వసారాలో పచార్లు చేసేవాడు. వాన వెలిసేదాకా ఆయనకూ నాకూ నిలకడ ఉండేది కాదు. పక్క పొలాల వాళ్ళు కొందరు మమ్మల్ని చూసి చేశారు, కొందరు ఇంకా తలలే ఊపుతున్నారు. వాళ్ళ కాలువల్లో నేను నెలకోసారి దిగుతూనే ఉన్నాను, వాళ్ళనూ దింపుతూనే ఉన్నాను.

వానలు వెనకబట్టాక వచ్చిన ఫలితంలో మా కాలువది ఇరవై ఆరు. చీటీ చేతిలో పట్టుకుని వదిన గదికి పరుగెత్తాను. అల్మారాల మధ్య, కుర్చీ అంచున కూర్చుని ఉంది, మడమలు పైకి లేచి ఉన్నాయి. చీటీ చదివింది. మళ్ళీ చదివింది. నా ముఖంలోకి చూసింది.

"ఇది నువ్వే పట్టావా?"

"నేనే వదినా."

"కాలువలోనేనా?"

ఇరవై ఒక్కేళ్ళలో ఒడ్డు మీద ఎవరినీ ఆవిడ ఆ మాట అడగలేదు. అందరినీ నమ్మే మనిషి నన్ను అడగాల్సి వచ్చింది. నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. "కాలువలోనే. మోకాలి దాకా దిగి పట్టాను" అన్నాను. ఆవిడ తలూపింది గాని ఆ చీటీని బల్ల మీద పెట్టలేదు, వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉంది.

"రేపు సెలవు పెడతాను" అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. చెప్పులు గట్టు మీద విడిచి మా కాలువలో తనే దిగింది. మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపింది. నేను ఒడ్డు మీదే నిలబడ్డాను. ఆ సీసాను ఆఫీసుకు తీసుకెళ్ళి తన చేత్తోనే పరీక్ష చేసింది, నన్ను పక్కన ఉండమంది. ఇరవై ఏడు వచ్చింది. ఒకటి ఎక్కువ, కుళాయి నీళ్ళలా అచ్చు అదే అంకె కాదు. ఆ ఒకటి ఎక్కువైనందుకు నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

రిజిస్టరు తెరిచి కలం తీసింది వదిన. మా పొలం ఎదురుగా ఉన్న గడిలో ఇరవై ఆరు అని రాసింది.

"ఇరవై ఏడు కదా వదినా?" అన్నాను.

"నాది లెక్కలోకి రాదు. సీసాలు పట్టేది నువ్వు" అంది.